పెట్టెలో సముద్రం

ఆదివారం. మంచు చిక్కన.

మంచు పట్టే తెరల కింద తొట్టెలు రెండూ నిండాయి. కింది వరస తెరకి ఒకచోట చిరుగు, కుట్టేశాను. ఈ దినచర్యలో ఇంతవరకే రాస్తే చాలంటారు వీధి పెద్దలు. తెరకొండ మీద వీధికొకరు చొప్పున మంచు ఎంత పడిందో, నీళ్ళు ఎంత దిగాయో రాయాలి. మా వీధికి ఆ పని నాది. రాసే చెయ్యి నాదైనప్పుడు నాకు తోచింది కూడా రాస్తాను. ఇష్టం లేనివాళ్ళు చదవడం మానేస్తే సరి.

ఈవేళ అందరి నోటా ఒకటే మాట. పెట్టెలు బాగుచేసే తవిటినాయుడు దిగువ నుంచి కాపలాలు పట్టుకొచ్చాడట, ఇంటింటి పెట్టెకీ ఒకటి పెట్టించుకోవాలట. మా తాత పెట్టెని కంప్యూటర్ అనేవాడు, కాపలాని యాంటీవైరస్ అనేవాడు. ఆయన కాలంలో లోకంలోని పెట్టెలన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉండేవట. ఎక్కడి దొంగైనా ఎవరింట్లోకైనా దూరగలిగేవాడట. అప్పుడు కావాలి కాపలా, కాదనను. ఇప్పుడా లోకమూ లేదు, ఆ తీగలూ లేవు. మా పెట్టె గూట్లో కూచుని తెల్లారగానే తెరల్ని గాలికెదురు తిప్పుతుంది, తొట్టెలు చూసుకుంటుంది. దాని దగ్గరికి ఎవడొస్తాడని కాపలా?

ఈ మాటే పక్కింటి దాలమ్మతో అంటే మూతి తిప్పింది.

"మేం పెట్టించీసుకున్నాం. నువ్వూ పెట్టించీసుకోవే నూకరత్నం. పెట్టెల్లో పురుగు తిరుగుతున్నాదట."

"నాకెందుకే? నానెవులు పడితే ఆళ్ళ దగ్గర తోడు తీసుకోను. నీ దగ్గర తప్ప."

"మరదే సెప్తున్నాను," అని నవ్వేసి వెళ్ళిపోయింది.

తోడు సంగతి కొండ మీద పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కానీ ఈ పుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుందో! ఇక్కడి మంచుతడికి పెట్టెలు చప్పబడిపోతుంటాయి. ఉన్నట్టుండి ఓ పొద్దున తెరలు ఎటు తిప్పాలో మర్చిపోతాయి. అప్పుడు పక్కింటి పెట్టెలోంచి చిన్న గాజు గవ్వలో కొంచెం తెచ్చి మన పెట్టెకి కలుపుతాం, పాలు తోడేసినట్టే. తెల్లారేసరికి దానికి అన్నీ గుర్తొస్తాయి. దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు. ఆలోపల అడిగితే లేదనరు. ఇచ్చినవాళ్ళని, మీకిది ఎక్కడిదని అడగరు. అడిగితే ఆ ఇంటితో మాటలు పోయినట్టే.

మా పెట్టె నాది కాదు, అప్పది. అప్పంటే మా అక్క గంగులమ్మ. ఆమె అరచెయ్యి ఆనిస్తేనే అది తెరుచుకుంటుంది. రెండేళ్ళ కిందట తెర కట్టిన గడ విరిగి అప్పా, అప్ప కూతురు పైడీ కలిసి పడ్డారు. పైడి పోయింది. అప్ప బతికింది గానీ నిద్రపోతే చాలు, మనసులో ఉన్నదంతా జారిపోతుంది. అందుకని రోజూ పొద్దున్నే పెట్టె ఆమెకి పొద్దుటి మాట చెబుతుంది. నీ పేరు గంగులమ్మ, ఇది తెరకొండ, నూకరత్నం నీ చెల్లెలు, నువ్వు గడ మీంచి పడ్డావు, నీ కూతురు పైడి చనిపోయింది. ఆ మాటలన్నీ నేనే కూర్చి పెట్టెలో పెట్టాను. చివరి మాట అప్ప రోజూ కొత్తగా వింటుంది, రోజూ కొత్తగా ఏడుస్తుంది. తర్వాత మొహం కడుక్కుని నాతోపాటు తెరలు పిండడానికి వస్తుంది. ఆ మాట వచ్చే వేళకి నేను ఇంట్లో ఉండను, తెరల దగ్గరే ఉంటాను. ఆ ఏడుపు దగ్గరుండి వినడం నా వల్ల కాదు.

మంగళవారం. మంచు పలచన.

పెట్టె చప్పబడింది. ఎండ పొడ చూసి తెరల్ని ముడుచుకుని కూచుంది, మొద్దు మొహంది. దీపాలు పెట్టకముందే దాలమ్మ దగ్గర గవ్వలో తోడు తెచ్చి, అప్ప చేత చెయ్యి ఆనించి కలిపాను.

బుధవారం. మంచు చిక్కన, కానీ నీళ్ళు తక్కువ.

అప్ప ఏడవలేదు.

తెరల దగ్గర నిలబడి ఎంతసేపు చూసినా ఇంట్లోంచి చప్పుడు లేదు. ఇంటికి పరిగెత్తాను. అప్ప గడప మీద కూచుని తల దువ్వుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. అప్ప పళ్ళు కనబడేలా నవ్వి ఎన్నాళ్ళయిందో!

"ఒలే నూకా, సముద్రం ఎటేపున్నాదే?"

"సముద్రమేటప్పా?"

"మనిల్లు సముద్రం దగ్గిర కాదేటి? సేపలెండబెట్టాలి. ఎండ రానీ."

మా కొండ మీద సముద్రం చూసినవాళ్ళు లేరు. మంచు అక్కణ్ణించే వస్తుందని అంటారు, అంతవరకే తెలుసు. అప్పకి కలొచ్చిందనుకుని ఊరుకున్నాను. తీరా తెరలు పిండుతుంటే నాకూ గుర్తొచ్చింది, రాత్రి నాకూ అదే కల. తడి ఇసుక మీద అడుగులు పడుతున్నాయి, వెనక్కి తిరిగి చూస్తే ఒక్క అడుగూ లేదు. నోట్లో ఉప్పగా అనిపించి లేచాను.

శుక్రవారం. మంచు చిక్కన. తొట్టె సగం.

వీధి వీధంతా సముద్రం కలలే. తెరల దగ్గర నిలబడి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. కేకలు లేవు, కంగారు లేదు, అందరికీ ఇంకా నిద్ర కళ్ళలోనే ఉంది. పనిలేక నిలబడి గాలి పీలుస్తున్నారు, అందులో ఉప్పు వాసన ఉందంటున్నారు. నాకూ వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధం.

నీళ్ళెందుకు తగ్గాయో మధ్యాహ్నానికి తెలిసింది. పెట్టెలన్నీ తెరల్ని తూర్పుకి తిప్పేస్తున్నాయి. ఈ నెలల్లో గాలి వచ్చేది పడమటి నుంచి. మంచు తెరల పక్కనుంచి జారిపోతోంది, నీళ్ళు ఎక్కణ్ణించి దిగుతాయి? మా తెరల్ని నేను చేత్తో తిప్పి కట్టాను. వెనక్కి తిరిగేసరికి మళ్ళీ తూర్పుకి తిరిగి, గాలి లేకపోయినా మెల్లగా ఊగుతున్నాయి. చూడ్డానికి ఎంత బాగున్నాయంటే తిట్టబోయి ఆగిపోయాను.

శనివారం. మంచు చిక్కన.

ఈవేళ తెరల దగ్గరికి పోకుండా తలుపు చాటున నిలబడి పొద్దుటి మాట విన్నాను. పెట్టె గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

నీ పేరు గంగులమ్మ. నూకరత్నం నీ చెల్లెలు. మీ ఇల్లు ఇసుకలో ఉంది. వాకిట్లో చేపలు ఎండుతున్నాయి. నీ కూతురు పైడి ఒడ్డున ఆడుకుంటోంది. సాయంత్రానికి నువ్వొస్తావని చూస్తోంది.

మా మాటల మధ్యలో ఎవరివో మాటలు ఇలా అతుక్కుపోయాయి. పురుగంటే దేన్నో పాడుచేస్తుందనుకున్నాను. ఇది పాడుచేసినట్టు లేదు, సర్ది పెట్టినట్టుంది. చివరి మాట ఎక్కడికి పోయిందో పోయింది. అప్ప దుప్పటి మడతపెడుతూ కూనిరాగం తీస్తోంది.

పెట్టె నోరు మూయించాల్సింది. మూయించలేదు. పైడి ఒడ్డున ఆడుకుంటోందన్న మాట ఇంకోసారి చెబుతుందేమో అని అక్కడే నిలబడ్డాను. ఆ పిల్లని ఎత్తుకు తిరిగింది ఈ చేతులే. ఎక్కడో ఆడుకుంటోందని ఎవరైనా చెబితే, అది గోడలోని పెట్టె అయినా సరే, వినబుద్ధేస్తుంది.

సోమవారం. మంచు కాళ్ళ కిందికి దిగింది.

అప్ప కొంగు నా కొంగుకి ముడేసుకుని రాస్తున్నాను.

రోజూ పొద్దెక్కేకొద్దీ అప్ప వాకిట్లోకి, వాకిట్లోంచి దారిలోకి పోవడం చూస్తూనే ఉన్నాను. సాయంత్రానికి రమ్మన్నారు కదా, పోవాలి కదా! ఈవేళ నేను చిరుగు కుడుతూ తల ఎత్తేసరికి కనబడలేదు. దాలమ్మా నేనూ చెరో దారినా పరిగెత్తాం. చివరి వరస గడల అవతల, లోయ అంచున నిలబడి ఉంది. లోయ నిండా మంచు పరుచుకుని, ఎండ తగిలి, తెల్లగా కదులుతోంది. చెప్పులు విడిచి పక్కన పెట్టుకుంది, తడుస్తాయని కాబోలు.

"అదుగోనే సముద్రం," అంది నాకేసి చూసి. "పైడి పిలుస్తున్నాది. ఇనబడతలేదేటే నీకు?"

కాలి బొటనవేలు రాయి దాటి గాల్లో ఉంది. అరిస్తే ఉలికిపడుతుందని అరవలేదు. "నాకూ తోవ సూపించప్పా, నానూ వస్తాను," అంటూ దగ్గరికి నడిచి నడుం చుట్టూ చేతులు వేసి పట్టేసుకున్నాను. ఇద్దరం వెనక్కి పడ్డాం. అప్పుడు ఏడ్చాను, సిగ్గు లేకుండా ఏడ్చాను. అప్ప నా వీపు నిమురుతూ, "భయపడ్డావేటే? నీటికి భయపడకూడదే," అంటోంది.

మంగళవారం. మంచు లేదు.

తవిటినాయుణ్ణి నేనే పిలిపించాను. ఇన్నాళ్ళూ అక్కర్లేదన్న నోటితోనే పెట్టించుకుంటానన్నాను. ముందు మాత్రం కడిగేశాను.

"వీధిలో అందరికీ పెట్టినావు కదా కాపలాలు. అందరి పెట్టెల్లోనూ పురుగెలాగొచ్చీసింది? దేనికి కాస్తున్నాయి నీ కాపలాలు?"

ఆయన కోపగించుకోలేదు. అలిసిపోయి ఉన్నాడు, ఆయనకీ సముద్రం కలలొస్తున్నాయట.

"నూకరత్నమ్మా, కాపలాకి తన కంటబడ్డ దొంగ మొహమే గుర్తుంటాది. ఇది కొత్తది. కొత్తదొస్తే అది ఇంటోళ్ళని అడుగుతాది, ఇది మీకు తెలిసిందేనా అని. మీవోళ్ళందరూ ఏటన్నారో తెలుసా? తెలుసన్నారు."

దాలమ్మకేసి చూశాను. తల వంచుకుంది.

"మరేటనమంటావే?" అంది. "మా ఆడపడుచింటి తోడది. ఇది తెలిసిందేనా అని అడుగుతుంటే, తెలీదూ గెంటీ అని ఏ మొహం పెట్టుకుని సెప్పను? ఆయమ్మ పక్కనే ఉన్నాది."

అదీ సంగతి. తెరకొండలో ఒక్కరంటే ఒక్కరు పక్కింటి తోడుని తెలీదనలేదు. ఇంటి ముందు కాపలా పెట్టుకుని, వచ్చిన ప్రతివాణ్ణీ మావాడే రానీ అన్నారు. కాపలా లేని నేను, కాపలా ఉన్న దాలమ్మ దగ్గర తెచ్చుకున్నాను. ఇంక కాపలా కావాలా వద్దా అని వాదించుకోవడం ఎందుకు, మా తలకాయలకి!

"ఇంతకీ ఏటిదది?" అని అడిగాను.

"పురుగంటే ఎవుడో కావాలని సేసిందనుకుంటారు. నాకలగ అనిపించదు," అన్నాడు నాయుడు. "ఏ ఒడ్డునో ములిగిపోయిన ఊర్లో ఎవులో ఒక తల్లి, రోజూ తన పెట్టెతో సెప్పుకున్న మాటలయ్యుంటాయి. ఇల్లు పోయినా మాట పోనేదు. గవ్వల్లో పడి ఇక్కడిదాకా ఎక్కొచ్చీసింది."

దాన్ని తిట్టే వీలు కూడా లేకుండా చేశాడు. ఆ తల్లెవరో, ఆవిడ పిల్లేమయిందో. కానీ నా అప్ప కాలు నిన్న గాల్లో ఉంది.

కాపలా పెట్టాడు. పెట్టె అప్పది కాబట్టి చెయ్యి ఆనించాల్సిందీ, జవాబు చెప్పాల్సిందీ అప్పే. నేను పక్కన కూచుని, "నాను తలూపితే తెలుసను, అడ్డంగా ఊపితే తెలీదను," అని నేర్పాను. అప్ప సరేనంది. మా అప్ప అబద్ధమాడదన్న సంగతి నాకు ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

కాపలా గొంతు చెక్కమీద కొట్టినట్టుంది. నీ పేరు గంగులమ్మ, ఇది మీకు తెలిసినదేనా? తెలుసంది. నూకరత్నం నీ చెల్లెలు? తెలుసంది. పొద్దున్నే విన్నది కదా. మీ ఇల్లు ఇసుకలో ఉంది? నేను అడ్డంగా తలూపాను. అప్ప నన్ను చూసి విసుక్కుంది.

"తెలిసిందాన్ని తెలీదనమంటావేటే? తెలుసు నాయనా, తెలుసు."

చేపలు తెలుసంది. ఒడ్డున పైడి తెలుసంది. ఒక్కో జవాబుకీ కాపలా ఆ మాటకి తాళం వేసుకుంటూ పోతోంది. ఇక దాన్ని ఎవరూ చెరపలేరు. ఆపమని నాయుణ్ణి బతిమాలాను. మధ్యలో ఆపితే పెట్టె పగిలిన కుండే అన్నాడు. అప్పుడు కాపలా ఇంకా అడుక్కి పోయి, పురుగు మూలకి నెట్టేసిన పాత మాట పట్టుకుంది. అదే చెక్క గొంతుతో అడిగింది.

నీ కూతురు పైడి చనిపోయింది. ఇది మీకు తెలిసినదేనా?

అప్ప చెయ్యి పెట్టె మీదే ఉంది. మొహం తెల్లబోయింది. నాకేసి చూసింది, నాయుడికేసి చూసింది, దాలమ్మకేసి చూసింది. మేం ముగ్గురం నేల చూపులు చూశాం.

"తెలీదు," అంది అప్ప. "ఇది మాది కాదు. ఎవులిదో వొచ్చి మా పెట్టెలో పడ్డాది. తీసీయండి."

కాపలా తీసేసింది. ఉన్న ఒక్క నిజాన్నీ పురుగని ఏరి పారేసి, పురుగుకి తాళం వేసి కూచుంది. దాని తప్పేముంది? ఇంటావిణ్ణి అడిగింది, ఇంటావిడ చెప్పింది.

బుధవారం. మంచు రాలేదు. వీధంతా తెరల్ని చేత్తో తిప్పుతున్నారు.

పెట్టెని పూర్తిగా తుడిపించేశాను. తాళాలతో సహా పోవాలంటే అదొక్కటే దారి అన్నాడు నాయుడు. ఖాళీ పెట్టె తిరిగి మాట్లాడాలంటే తోడు కావాలి. ఊళ్ళో ఏ ఇంటి తోడు తెచ్చినా సముద్రమే. అందుకని గూడుకి గుడ్డ కప్పేశాను. తెరలు తిప్పడానికి నాకు చేతులున్నాయి. దాలమ్మ, "మరి అప్పకి పొద్దుటి మాటెవులు సెప్తారే?" అని అడిగింది. నేనే చెబుతానన్నాను. అనడమైతే అనేశాను.

గురువారం. మంచు ఎంత పడిందో చూడలేదు.

అప్ప కళ్ళు తెరిచే వేళకి మంచం పక్కన కూచున్నాను. చూరుకేసి చూసింది, చేతులు చూసుకుంది. ఆ చూపులో ఎంత భయం ఉంటుందో నాకు ఇన్నాళ్ళూ తెలీదు. రెండేళ్ళూ అది పెట్టె ఒక్కటే చూసింది.

"ఎవులు నువ్వు?"

"నీ చెల్లిని అప్పా. నూకరత్నాన్ని."

చెయ్యి పట్టుకుని ఒకటొకటే చెప్పాను. నీ పేరు గంగులమ్మ. ఇది తెరకొండ. బయట అవి మన తెరలు, మంచు పట్టి నీళ్ళు పిండుతాం. గడ విరిగి పడ్డావు, అందుకే ఏమీ గుర్తుండదు, నీ తప్పు కాదు. బుద్ధిగా వింటోంది. కొంచెం కొంచెంగా మొహం తేరుకుంటోంది.

అక్కడికొచ్చి ఆగిపోయాను.

తలుపులోంచి మంచు లోపలికి వస్తోంది. ఈ ఇంట్లో ఇప్పుడు పెట్టె లేదు, కాపలా లేదు. నేనేం చెబితే అప్పకి అదే లోకం. పైడి తెరల దగ్గర ఆడుకుంటోందప్పా అంటే నమ్మేస్తుంది, నవ్వుతుంది, నాకు కడుపు నిండుతుంది. అప్ప లోయలోకి పోకుండా, పైడిని ఏ చుట్టాలింటికో పంపినట్టు చెబితే ఇంకా మంచిది. మాట గొంతు దాకా వచ్చేసింది. అప్పుడనిపించింది, ఇది చెబితే ఆ పురుగుకీ నాకూ తేడా ఏమిటి? అదైనా పాపం దారి తప్పి వచ్చింది. నేను తెలిసి దూరుతున్నాను.

"ఆగిపోనావేటి?" అంది అప్ప. "ఇంకా ఏటో ఉన్నాది. నీ మొహం సెప్తున్నాది. సెప్పు."

"నీకో కూతురుండేదప్పా," అన్నాను. "పైడి. గడ విరిగినప్పుడు నీతోపాటే పడ్డాది. నువ్వు దక్కినావు. అది దక్కనేదు."

అప్ప ఏడ్చింది. నేను తెరల దగ్గరికి పారిపోలేదు. మధ్యాహ్నం దాకా ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తూనే ఉంది, మధ్య మధ్యలో లేచి అడుగుతూనే ఉంది. ఎలా ఉండేది? పళ్ళు ఊడాయా? నన్నేమని పిలిచేది? పెట్టెని ఏనాడూ ఇవి అడగలేదు, అడిగినా దానికి తెలీదు. నేను ఒక్కో జవాబూ చెప్పాను. ముందు పళ్ళు రెండూ ఊడాయనీ, అమ్మా అనకుండా గంగులూ అని పేరు పెట్టి పిలిచేదనీ చెబితే అంత ఏడుపులోనూ ఫక్కున నవ్వింది.

సాయంత్రం ఇద్దరం తెరలు పిండుతుంటే, మొన్న కాపలా అడిగితే పైడి మాటని తెలీదని తీయించేసిన సంగతీ చెప్పాను. తర్వాత వాకిట్లో కూచోబెట్టి జడ అల్లుతుంటే అడిగింది.

"పడుకుంటే ఇదంతా పోతాది కదే?"

"పోతాదప్పా."

"రేపు మళ్ళీ నువ్వే సెప్పాల."

"నానే సెప్తాను. ఏడుస్తావు మళ్ళీ."

"ఏడిస్తే ఏడుస్తాను. దాన్ని తెలీదని మాత్రం అనిపించీకు నా సేత." నా చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కుంది. "ఒలే, లేవగానే ముందు దాని పేరు సెప్పు. నీ పేరు తరవాత సెబుదువు గాని."

సరేనన్నాను.